మన చెరువులకు మన చేతి ఎరలు
(హనుమకొండలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. గాలం వేయడంలో ఆరితేరిన పెద్దలు, ఇప్పుడిప్పుడే ఆ సరదా పట్టుకున్న యువకులు, చెక్కపని, రేకుపని తెలిసిన కళాకారులు ఒకే చోట కూర్చున్న సభ ఇది. అందుకే ఈ రోజు కృత్రిమ ఎరల గురించి, వాటిని ఇంట్లోనే చేసుకోవడం గురించి మాట్లాడడానికి ఒప్పుకున్నాను. వానపామో, రొయ్యో, పిండి ముద్దో గుచ్చే పని లేకుండా చెక్కతో, రేకుతో, రబ్బరుతో, ఈకతో చేసిన వస్తువును నీటిలో లాగి, వేటాడే చేపను దానిమీదికి రప్పించే పద్ధతి ఇది. యువకులు ఆ వస్తువును లూర్ అంటున్నారు, నేనూ ఆ మాటే వాడుతాను. నేను చెప్పదలచుకున్న సంగతి ఒక్కటే. లూర్‌కు రూపం కన్నా నడక, అంటే నీటిలో అది కదిలే తీరు, ముఖ్యం. ఆ నడకను మన చెరువుకూ, మన చేపకూ తగినట్టు కుదర్చడానికి కావలసిన సరుకంతా మన జిల్లాల్లోనే దొరుకుతుంది.

ముందుగా ఏ చేప కోసం చేస్తున్నామో తెలిసి ఉండాలి. మన చెరువుల్లోని ప్రతి చేపా లూర్‌ను పట్టదు. బొచ్చె నీటి పైపొరల్లో ఉండే సూక్ష్మజీవులను వడగట్టుకొని తింటుంది, రోహు నాచునూ మెత్తని మొక్కలనూ తింటుంది, మ్రిగాల అడుగు బురదలో కుళ్ళిన పదార్థాన్ని వెతుక్కుంటుంది. చెరువుల్లో ఏటా వదిలే చేపపిల్లల్లో ఎక్కువ భాగం ఈ జాతులే కనుక, చెరువు నిండా చేప ఉన్నా లూర్ వేసినవాడు ఉత్త చేతులతో తిరిగి రావడంలో వింతేమీ లేదు. ఆ చేపలకు తవుడు, పల్లి చెక్క, గోధుమ పిండి కలిపిన ముద్దలే తగినవి. లూర్ పనిచేసేది వెంటాడి, కాటు వేసి తినే చేపలమీద. మన దగ్గర వాటిలో మొదటిది కొర్రమట్ట, పుస్తకాల్లో కొర్రమీను అని రాసేది, మన రాష్ట్ర చేప కూడా అదే. దాని తరువాత గోదావరిలోనూ పెద్ద జలాశయాల్లోనూ వాలుగ, చిన్న కుంటల్లో మట్టగిడస ఉన్నాయి. జిలేబీ చేప కూడా వేలి కొసంత చిన్న లూర్ మీదికి వస్తుంది.

కొర్రమట్ట స్వభావాన్ని కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మన ప్రాంతంలో చేసే లూర్లలో సగానికి పైగా దాని కోసమే చేస్తాం. ఇది మొప్పలతో పాటు నేరుగా గాలిని కూడా పీల్చుకునే చేప. అందువల్ల ఉండి ఉండి నీటి పైకి వచ్చి ఒక గుక్క గాలి తీసుకొని మళ్ళీ దిగిపోతుంది. ఆ చప్పుడునూ, తుంగ మొదళ్ళలో లేచే చిన్న అలనూ గమనించడం తెలిసినవాడికి చేప ఎక్కడ ఉన్నదో వెతుక్కునే పని ఉండదు. ఇది ఈదుతూ ఎంతో దూరం తరిమే చేప కాదు. తామరాకు కిందనో, గుర్రపు డెక్క అంచుననో, మునిగిన తుమ్మకొమ్మ పక్కననో కదలకుండా పొంచి ఉండి, దగ్గరికి వచ్చినదాని మీద ఒక్క ఉదుటున పడుతుంది. నీటి కదలికను పసిగట్టడానికి చేపకు ఒంటి రెండు పక్కలా, తల నుంచి తోక దాకా ఒక గీతలాంటి ఇంద్రియం ఉంటుంది. నీరు బురదగా ఉండి కన్ను ఆననప్పుడు చేప ఆ గీతతోనే వేట వైపు తిరుగుతుంది. నడక ముఖ్యమని నేను ముందే అన్నది ఇందుకే. వానలు పడి వాగులు చెరువులోకి ఎర్రమట్టి తెచ్చిన రోజుల్లో, చక్కని రంగులు వేసి కదలిక లేకుండా వదిలేసిన లూర్ కన్నా, రంగు పోయినా ఒళ్ళు ఊపుతూ నీటిని తడుతున్న లూరే చేపకు ముందుగా తెలుస్తుంది.

ఈ విషయాన్ని లూర్ల చరిత్ర కూడా చెబుతుంది. అమెరికాలో జూలియో బ్యూయెల్ అనే వ్యక్తి 1852లో చెంచా ఆకారపు లోహపు ఎరకు పేటెంటు తీసుకున్నాడు. అందులో చేప రూపం ఏమీ లేదు, వంపు తిరిగిన రేకు నీటిలో అటూ ఇటూ తళుక్కుమంటూ కదలడమే అందులోని విద్య అంతా. ఫిన్లాండులో లౌరి రపాలా అనే పేద జాలరి, పెద్ద చేప గుంపుమీద పడినప్పుడు చక్కగా ఈదే చిన్న చేపలను వదిలి, ఒంటి పక్కకు ఒరిగి తడబడుతున్నదాన్నే పట్టడం గమనించాడు. ఆ తడబాటును అనుకరించడానికి 1936లో బెండు ముక్కను చెప్పులు కుట్టే కత్తితో చెక్కి, చాక్లెట్ చుట్టిన తగరపు కాగితాన్ని పైన అతికించి, నీరు తగలకుండా పాత ఫోటో నెగటివ్‌లను కరిగించి పూత పూశాడు. ఈ రోజు ప్రపంచమంతా అమ్ముడుపోతున్న ఆ పేరుగల లూర్లకు మూలం ఇంట్లో దొరికిన ఆ నాలుగు వస్తువులే. కొనగలిగిన వారు కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. కాని అంగడిలో దొరికే లూర్లలో చాలావరకు కలుపు తక్కువగా ఉండే తేట నీటి సరస్సుల కోసం, అక్కడి చేపల కోసం రూపొందినవి. పొట్టకింద రెండు చోట్ల మూడేసి కొక్కేల గాలాలతో వచ్చే ఆ లూర్‌ను తుంగా తామరా అల్లుకున్న కాకతీయుల నాటి చెరువులో విసిరితే, రెండు బారలు లాగేలోగా దోసెడు నాచును పట్టుకొని వస్తుంది.

ఇక తయారీకి వద్దాం. చెక్క లూర్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే నేర్చుకునేవాడికి నడక గురించి అది నేర్పినంతగా మరేదీ నేర్పదు. విదేశాల్లో దీనికి బాల్సా అనే తేలికపాటి చెక్క వాడతారు. మనకు నిర్మల్ బొమ్మలు చేసే పొనికి చెక్క ఉంది. పొనికి తేలికైనది, మెత్తనిది, చాకు ఎటు తిప్పితే అటు ఒదుగుతుంది, బొమ్మలు చేసే నకాషీలు తరతరాలుగా దానినే నమ్ముకున్నారు. అయితే పొనికి చెట్టు ఇప్పుడు అడవిలో అరుదైపోతున్నది కాబట్టి లూర్ కోసం కొమ్మ నరకవద్దని నా విన్నపం. మనకు కావలసింది బొటనవేలంత ముక్క మాత్రమే. బొమ్మల పనిలో మిగిలే తుంటలు అడిగి తెచ్చుకుంటే చాలు. అది దొరకనప్పుడు పాత ప్యాకింగు పెట్టెల్లోని తేలికపాటి చెక్క కూడా పనికివస్తుంది.

ఎనిమిది సెంటీమీటర్ల పొడవు, రెండు సెంటీమీటర్ల ఎత్తు, ఒక సెంటీమీటరుకు కాస్త పైన మందం ఉన్న ముక్కను తీసుకొని, నాలుగు వైపులా నడిమి గీత గీయాలి. ఈ గీతను చివరిదాకా చెరగకుండా కాపాడుకోవాలి, ఎందుకంటే కుడి ఎడమలు సమంగా లేని లూర్‌ను తరువాత ఎంత సరిచేసినా తిన్నగా ఈదదు. ముక్క ఇంకా చదరంగా ఉన్నప్పుడే మూతి కింద పెదవి కోసం, అంటే నీరు తగిలి లూర్‌ను ఊపే చిన్న పలక కోసం, ఏటవాలు గాడి కోయాలి. గుండ్రంగా చెక్కిన తరువాత వంకర లేని గాడి కోయడం ఎంత నేర్పరికైనా కష్టం. ఆ పిమ్మట చాకుతో చేప ఆకారానికి తెచ్చి, ఆకురాయితోనూ గరుకు కాగితంతోనూ నునుపు చేయాలి. పొట్ట పొడుగునా హాక్సా బ్లేడుతో ఒక సన్నని చీలిక కోసి, అందులో ఒక మిల్లీమీటరు మందమున్న స్టెయిన్‌లెస్ స్టీలు తీగను మూతి నుంచి తోక దాకా ఒకే ముక్కగా పరచాలి. మూతి దగ్గర దారం కట్టే కన్ను, పొట్ట దగ్గరా తోక దగ్గరా గాలాలు తగిలించే కన్నులు ఆ తీగలోనే మలుచుకోవాలి. మెత్తని చెక్కలో మర కన్నులు బిగిస్తే బలమైన కొర్రమట్ట మెలితిరిగినప్పుడు ఊడి వస్తాయి. తీగ ఒకటే అయితే చెక్క ముక్కలైనా చేప గాలం మీదే ఉంటుంది.

ఇప్పుడు బరువు సంగతి. బరువు లేని లూర్ నీటిమీద పక్కకు ఒరిగిపోతుంది. ఉండవలసిన దానికన్నా ఎక్కువైతే మునిగిపోతుంది, లేదా బద్ధకంగా ఒళ్ళు కదల్చకుండా వస్తుంది. బరువు పొట్ట అడుగున, నడుముకు కాస్త ముందుగా ఉండాలి. రెండు మూడు గ్రాములతో మొదలుపెట్టి, చీలికను పూర్తిగా మూయకముందే, గాలాలు కూడా తగిలించి, నీళ్ళు నింపిన తొట్టిలో వదిలి చూడాలి. గాలాలు తగిలించకుండా చూడడం వల్ల ప్రయోజనం లేదు, వాటి బరువు కూడా లూర్ బరువే. వీపు పైకి ఉండి, తోక మూతికన్నా కొద్దిగా కిందికి వాలి, వేలితో పక్కకు వంచి వదిలినప్పుడు వెంటనే నిటారుగా లేస్తే అది కుదిరినట్టు. అప్పుడు అరల్డైట్ లాంటి రెండు గొట్టాల జిగురుతో, చెక్క పొడి కలిపి, చీలికను మూసివేయాలి.

పెదవి విషయంలో కొంచెం ఆగుతాను, లూర్‌కు ప్రాణం పోసేది అదే. లూర్‌ను లాగినప్పుడు నీరు ఈ పెదవికి తగిలి ఒకసారి ఒక అంచునుంచి, మరోసారి ఇంకో అంచునుంచి జారిపోతుంది. ఆ జారడమే ఒంటిని కుడి ఎడమలకు ఊపుతుంది. పెదవి నిటారుకు దగ్గరగా కిందికి దిగి ఉంటే లూర్ పైపైనే గట్టిగా ఊగుతూ వస్తుంది. పెదవి ఒంటికి వరుసగా ముందుకు సాగి ఉంటే లోతుకు దిగుతుంది. ఎండాకాలంలో శిఖం, అంటే చెరువు అడుగు నేల, బయటపడి మోకాలి లోతు నీరు మిగిలిన చెరువుకు మొదటిది, గోదావరి మడుగులకు రెండోది తగినవి. పెదవికి పాత సీడీ పనికివస్తుంది. అది ఒక మిల్లీమీటరుకు కాస్త పైన మందం ఉన్న గట్టి పాలికార్బొనేట్. వేడి నీటిలో కాసేపు ఉంచి కత్తిరిస్తే పగలదు, అంచులను ఆకురాయితో నునుపు చేయాలి. లాగినప్పుడు లూర్ తిన్నగా రాకుండా ఒక పక్కకు పోతున్నదంటే పెదవిని కదపనక్కర లేదు. లూర్ ఎటు పోతున్నదో దానికి ఎదురు పక్కకు మూతి కన్నును శ్రావణంతో వెంట్రుకవాసి వంచి మళ్ళీ లాగి చూడాలి. కొద్దిపాటి వంపుకే నడకలో కనిపించే మార్పు ఎంతో ఉంటుంది కనుక ఓపికతో, కొంచెం కొంచెంగా చేయాలి. ఈ పని బాగా వచ్చినవాడికి పదిమంది చేసిన లూర్లు కూడా సరిచేసి ఇవ్వడం వస్తుంది.

రంగు వేసే ముందు చెక్కలోకి నీరు పోకుండా పూత పూయాలి. రామప్ప గుడి గోపురం ఇటుక నీటిలో తేలుతుందని మనం బడి రోజుల నుంచి వింటున్నాం. అందులోని రంధ్రాల్లో చిక్కుకున్న గాలే దాన్ని తేలిక చేస్తున్నది. పొనికి కూడా తన కణాల్లోని గాలి వల్లనే తేలిక. ఆ ఖాళీల్లోకి నీరు చేరితే మనం తొట్టిలో కుదిర్చిన బరువంతా తారుమారవుతుంది, చెక్క ఉబ్బి రంగు పగులుతుంది. కనుక పలుచని సీలరులో ముంచి ఆరబెట్టడాన్ని రెండు మూడు సార్లు చేయాలి, గాలం కన్నుల మొదళ్ళ దగ్గర మరింత శ్రద్ధ పెట్టాలి. రంగు గురించి నేను ఎక్కువ చెప్పను. తేట నీటికి వీపు నలుపు లేదా ఆకుపచ్చ, పొట్ట వెండి రంగు చాలు. మురికి నీటికి నలుపు, పసుపు లాంటి స్పష్టమైన రంగులు మంచివి. పొలుసులు కావాలనుకుంటే దోమతెర ముక్కను ఒంటికి గట్టిగా చుట్టి పైనుంచి రంగు చిమ్మితే సరి. అది ఎక్కువగా మన కంటి ముచ్చట కోసమే.

రేకు లూర్ చేయాలనుకునేవారికి పెంబర్తి దగ్గరలోనే ఉంది. ఇత్తడి రేకు మీద బొమ్మలు లేపే ఆ కళాకారుల పనిలో మిగిలే తునకలు ఒక్కొక్కటి ఒక్కో లూర్‌కు సరిపోతాయి. ఒక మిల్లీమీటరు లోపు మందం గల రేకును ఆరు సెంటీమీటర్ల ఆకు ఆకారంలో కత్తిరించి, ఎర్రబడేలా కాల్చి చల్లార్చి మెత్తబరచి, గుంట చెక్కిన దిమ్మె మీద పెట్టి గుండ్రని మూతి సుత్తితో కొట్టాలి. గుంట లోతు తక్కువైతే లూర్ నెమ్మదిగా ఊగుతుంది. ఎక్కువైతే బొంగరంలా తిరిగి దారాన్ని మెలేస్తుంది. పలుచని రేకు మెల్లగా రెపరెపలాడుతూ దిగుతుంది కాబట్టి లోతు తక్కువ చెరువులకు మంచిది. మందపు రేకు దూరం పోతుంది, త్వరగా మునుగుతుంది, అది మానేరు జలాశయం లాంటి విశాలమైన నీటికి తగినది. రెండు చివర్లా రంధ్రాలు చేసి, అంచులు నునుపు చేసి, ఒక వైపు దారానికి రింగు, రెండో వైపు గాలం తగిలించాలి. మెరుపు తగ్గినప్పుడు చింతపండుతో తోమితే ఇత్తడి మళ్ళీ కొత్తదవుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, మన కలుపు చెరువులకు అన్నిటికన్నా అవసరమైనది కప్ప లూర్. దీనికి అరిగిపోయిన హవాయి చెప్పు అడుగు చాలు. తేలే గుణం, నొక్కితే లోపలికి కుంగే మెత్తదనం అందులో రెండూ ఉన్నాయి. ఐదు సెంటీమీటర్ల పొడవున కప్ప ఆకారంలో కోసి, పొట్టను చదునుగా, మూతిని కాస్త పైకి లేచినట్టుగా మలచాలి. కాడ కలిసిన జంట గాలాన్ని వెనుకనుంచి గుచ్చి, దాని కన్నును మూతి దగ్గర బయటికి తీయాలి. రెండు కొనలూ వీపుమీద, రబ్బరుకు ఆనుకొని, పైకి తిరిగి ఉండాలి. నేర్చుకునేవారు ఇక్కడ కొనలను వీపుకు దూరంగా వదిలేస్తారు, అప్పుడు తామరతూడు తగులుకుంటుంది. ఆనుకొని ఉంటే లూర్ ఆకులమీదుగా జారి వస్తుంది, చేప నోటిలో నలిగినప్పుడే రబ్బరు కుంగి కొనలు బయటపడతాయి. తోక వైపు పొట్ట అడుగున ఒక ఇనుప నట్టును అతికిస్తే కప్ప వెనుక భాగం నీటిలోకి వాలి, తల పైకి పెట్టుకొని కూర్చుంటుంది, విసిరినప్పుడు తిరగబడకుండా పడుతుంది. కాళ్ళకు పాత సైకిల్ ట్యూబును సన్నని పేలికలుగా కోసి రెండు పక్కలా దూర్చాలి. కాళ్ళు పొడుగ్గా ఉంటే చేప కాలును మాత్రమే పట్టి వదిలేస్తుంది, అందువల్ల గాలం కొనను దాటి రెండంగుళాలకు మించనీయకూడదు.

దాన్ని లాగే తీరు కూడా తయారీలో భాగమే అనుకోండి. ఆకు మీద వేసి, నెమ్మదిగా జార్చి, నీటి చెలమ కనిపించిన చోట దింపి ఆపాలి. అలలు సద్దుమణిగే దాకా ఆపి ఉంచి, చిన్నగా ఒకసారి కదపాలి. చాలా కాట్లు ఆ ఆగిన ఘడియలోనే పడతాయి. నీరు ఎగజిమ్మగానే గుంజితే కప్ప ఒక్కటే తిరిగి వస్తుంది. చేప దాన్ని నోట కరచుకొని కిందికి దిగి, దారం బిగిసిన తరువాతనే గట్టిగా గుంజాలి.

ఈకల లూర్ గురించి రెండు మాటలు. నాటుకోడి పుంజు మెడ ఈకలు, మేక తోక వెంట్రుకలు గాలం కాడకు నూలు దారంతో గట్టిగా చుట్టి, ముడిమీద గోళ్ళరంగు వేస్తే జిలేబీ చేపకూ మట్టగిడసకూ చక్కని లూర్ అవుతుంది. పుంజు మెడ ఈకకు సన్నని కొన ఉంటుంది, తడిస్తే ఒదిగి, ఆగితే విచ్చుకుంటుంది, అదే దాని నడక. అడవి పక్షుల ఈకల జోలికి వెళ్ళవద్దు.

లూర్‌లో బరువుగా పెట్టే సీసం గురించి గట్టిగా చెప్పక తప్పదు. తక్కువ వేడికే కరుగుతుంది, బరువు ఎక్కువ, చవక, అందుకే అందరూ దానివైపు చూస్తారు. కాని సీసం విషం. దాని పొగా ధూళీ ఒంట్లో చేరితే పిల్లల మెదడుకు చేసే హాని తిరిగి బాగుపడేది కాదు. వంటింట్లో, వంట పాత్రలో సీసం కరిగించడం ఏ పరిస్థితిలోనూ చేయరాదు. ఇనుప నట్టు, ఇత్తడి కడ్డీ ముక్క, స్టీలు గుండు కాస్త ఎక్కువ చోటు తీసుకున్నా అదే పని చేస్తాయి.

ఇంత శ్రమపడి చేసిన లూర్‌ను ఎక్కడ, ఎప్పుడు వేయాలన్నది కూడా ఈ విద్యలో భాగమని నా నమ్మకం. మన ఊరి చెరువుల్లో చేప మీద హక్కు మత్స్య సహకార సంఘాలది. గంగపుత్రులకూ ముదిరాజులకూ అది బతుకుతెరువు, మనకు సరదా. కట్ట ఎక్కే ముందు సంఘం పెద్దను అడగడం మన ధర్మం. పాఖాల, ఏటూరునాగారం వన్యప్రాణుల అభయారణ్యాలు, అక్కడికి లూర్ తీసుకువెళ్ళే ఆలోచనే వద్దు. వానాకాలం తొలి నెలల్లో కొర్రమట్ట జంట పిల్లలను కాపాడుకుంటూ తిరుగుతుంది. నీటి పైపొరలో ఎర్రని మచ్చలా వందలాది పిల్లలు ముద్దగా కదులుతుంటే, వాటి కిందనే తల్లీతండ్రీ ఉన్నాయని అర్థం. ఆ సమయంలో లూర్ పక్కన పడితే అవి ఆకలితో కాదు, పిల్లల మీద ప్రేమతో కాటు వేస్తాయి. అది అన్నిటికన్నా సులువైన వేట, అందుకే దాన్ని మానుకోవాలి. పెద్ద చేపను తీసేసిన కాసేపటికే మట్టగిడసలూ ఇతర చేపలూ ఆ పిల్లలను ఏరుకు తింటాయి. ఒక్క చేప కోసం రేపటి చెరువును ఖాళీ చేసినట్టవుతుంది.

గాలం కొనకు వెనుక ఉండే చిన్న ముల్లును శ్రావణంతో నొక్కి చదును చేసుకొమ్మని కూడా కోరుతున్నాను. దారం వదులు కాకుండా చూసుకుంటే చేప తప్పించుకోదు, చిన్న చేపను గాయం లేకుండా వదలవచ్చు, పొరపాటున వేలికి గుచ్చుకున్నా ఆసుపత్రి దాకా వెళ్ళే పని ఉండదు. తెగిన దారాన్ని ఒడ్డున వదిలేయవద్దు, కొంగల కాళ్ళకూ బర్రెల మూతులకూ చుట్టుకుంటుంది.

బయట చెట్టు కింద నీళ్ళ తొట్టి పెట్టించాం. పొనికి తుంటలు, ఇత్తడి తునకలు, చెప్పు అడుగులు, చాకులు బల్లమీద ఉన్నాయి. పిల్లలతో వచ్చినవారు గాలాల డబ్బాను పెద్దల చేతుల్లోనే ఉంచండి. ముందుగా రేపటికల్లా ఆరిపోయే కప్ప లూర్‌తో మొదలుపెడదాం, చెక్క లూర్ చేయాలనుకునేవారు ఈ రోజు గాడి, చీలిక వరకు కోసుకొని తీసుకువెళ్ళండి. చేసి తెచ్చిన లూర్లు ఉన్నవారు తొట్టిలో లాగి చూపిస్తే, ఎటు పోతున్నదో చూసి మూతి కన్ను ఎంత వంచాలో అక్కడే చెబుతాను.